దృగ్గణితైక్యం: దూరదర్శినికి గురి కుదిరిన చరిత్ర

ఊరి దీపాల వెలుగు సోకని మైదానంలో, చీకటి పడగానే, ఖగోళాసక్తి గల ఒక వ్యక్తి తన దూరదర్శినిని నిలుపుతాడు. ముందుగా ముక్కాలి పీటను రసమట్టంతో చదును చేస్తాడు. తరువాత యంత్రపు అక్షాన్ని ఉత్తర ధ్రువం వైపు తిప్పుతాడు. ఆనాటి తేదీ, గడియారపు వేళ, ఊరి అక్షాంశ రేఖాంశాలు మీటలు నొక్కి తెలియజేస్తాడు. అప్పుడు యంత్రంలోని కంప్యూటర్ తనంతట తానే దూరదర్శినిని స్వాతి నక్షత్రం వైపు తిప్పి ఆగుతుంది. కాని స్వాతి దృష్టిక్షేత్రం మధ్యలో కనబడదు. కొంచెం పక్కకు ఉంటుంది. పరిశీలకుడు దాన్ని నెమ్మదిగా మధ్యకు తెచ్చి మీట నొక్కుతాడు. ఆకాశంలో మరోవైపున ఉన్న శ్రవణ నక్షత్రంతో మళ్ళీ అదే పని చేస్తాడు. అంతటితో గురి కుదిరినట్లే. అటుపై ఏ నీహారికను కోరినా, కంటికి కనబడనంత మసకగా ఉన్నదైనా సరే, యంత్రం దాని చెంతకు వెళ్ళి నిలుస్తుంది.

పది నిమిషాలలో ముగిసే ఈ పని వెనుక అనేక శతాబ్దాల అనుభవం ఉంది. యంత్రం తప్పుగా చూపిన నక్షత్రాన్ని మనిషి సరిచేసి చూపినపుడు, కంప్యూటర్ ఆ తేడాను దాచిపెట్టదు, లెక్కకట్టి గుర్తుంచుకుంటుంది. దోషం లేని యంత్రాన్ని నిర్మించడం ఎవరికీ సాధ్యం కాదనీ, దోషం ఎంతో కొలిచి తెలుసుకోవడమే ఖచ్చితత్వానికి మార్గమనీ ఖగోళ శాస్త్రజ్ఞులు ఎంతో శ్రమ మీద గ్రహించారు. కంటికి కనబడినదీ లెక్కకు వచ్చినదీ ఒకటి కావడాన్ని మన జ్యోతిశ్శాస్త్రవేత్తలు 'దృగ్గణితైక్యం' అన్నారు. దూరదర్శిని గురి కుదర్చడమంటే ఆ ఐక్యాన్ని సాధించడమే. మన దేశంలో ఆ సాధన నడిచిన దారిని స్థూలంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శంకువు నేర్పిన పాఠం

దిక్కులను నిర్ణయించడానికి మన సిద్ధాంత గ్రంథాలు చెప్పిన పద్ధతి చాలా సులభమైనది. సూర్యసిద్ధాంతంలోని త్రిప్రశ్నాధికారం దీనిని వివరిస్తుంది. మొదట నేలను నీటితో చదును చూసుకోవాలి. దానిపై ఒక వృత్తం గీసి, నడిమధ్యన పన్నెండు అంగుళాల శంకువును నిలబెట్టాలి. ఉదయం శంకువు నీడ కొస వృత్తాన్ని తాకి లోనికి వచ్చే చోట ఒక గుర్తు, సాయంకాలం వృత్తాన్ని దాటి వెలుపలికి పోయే చోట మరొక గుర్తు పెట్టాలి. ఆ రెండు గుర్తులనూ కలిపే రేఖ తూర్పు పడమరలను చూపుతుంది. దానికి లంబంగా గీచినది ఉత్తర దక్షిణ రేఖ. విషువ దినాన మధ్యాహ్నపు నీడ పొడవును బట్టి ఆ ఊరి అక్షాంశం కూడా తెలుస్తుంది.

ఇందులోని క్రమం గమనింపదగినది. ముందు చదును, తరువాత దిక్కు, ఆపైన స్థలం. నేటి కంప్యూటర్ పీఠం అడిగే ప్రశ్నలు కూడా ఇవే, ఇదే వరుసలో. రెండు గుర్తులు కావాలన్నదీ ముఖ్యమే. ఒక్క నీడను చూసి దిక్కు చెప్పలేము. ఒకదానికొకటి ఎడంగా ఉన్న రెండు పరిశీలనలు ఉంటేనే నిర్ణయం సాధ్యం.

లెక్కకూ చూపుకూ తేడా వచ్చినపుడు ఏం చేయాలన్న ప్రశ్న కూడా మన పండితులకు కొత్తది కాదు. గణితం ప్రకారం గ్రహం ఉండవలసిన చోటుకూ, వాస్తవంగా కనబడిన చోటుకూ భేదం ఏర్పడినపుడు వారు 'బీజ సంస్కారం' అనే సవరణను చేర్చేవారు. కేరళకు చెందిన పరమేశ్వరుడు సుదీర్ఘకాలం గ్రహణాలనూ గ్రహాలనూ పరిశీలించి, 1431లో 'దృగ్గణితం' అన్న గ్రంథం రచించాడు. చూపు గణితాన్ని సరిదిద్దాలన్న సూత్రం ఆ పేరులోనే ఉంది.

రాతితో కట్టిన గురి

18వ శతాబ్దంలో ఈ సమస్యకు మహారాజా సవాయి జయసింహుడు వేరొక పరిష్కారం ఆలోచించాడు. ఇత్తడి యంత్రాలు చిన్నవి కావడం వల్ల వాటిపై కళలను సూక్ష్మంగా గుర్తించడం కుదరదనీ, వాటి ఇరుసులు అరిగి, కేంద్రాలు చలిస్తాయనీ ఆయన గ్రహించాడు. అందుకే ఢిల్లీ, జయపురం, ఉజ్జయిని, కాశీ, మథురలలో రాతితోనూ సున్నంతోనూ వేధశాలలు కట్టించాడు. వీటిలో మథుర వేధశాల నేడు లేదు. జయపురంలోని వేధశాలను 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

జయపురంలోని పెద్ద సామ్రాట్ యంత్రం ఎత్తు 70 అడుగులకు మించినది. దాని ఏటవాలు గోడ క్షితిజంతో సుమారు 27 డిగ్రీల కోణం చేస్తుంది. ఆ ఊరి అక్షాంశమూ అంతే. అందువల్ల ఆ గోడ అంచు భూమి అక్షానికి సమాంతరంగా, ఖగోళ ధ్రువానికి గురిపెట్టి నిలిచింది. నేడు దూరదర్శిని పీఠంలో మనం 'ధ్రువాక్షం' అనే దానిని జయసింహుడు కొండంత కట్టడంగా నిర్మించాడన్నమాట. ఆ గోడ నీడ కొలతపట్టీ మీద సెకనుకు ఒక మిల్లీమీటరు చొప్పున కదులుతుంది.

అయితే ఇంతటి మహా నిర్మాణానికీ ఒక పరిమితి ఉంది. సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు గలది కనుక నీడ అంచు కత్తితో కోసినట్లు ఉండదు, మసకగా వ్యాపిస్తుంది. యంత్రం పెద్దదైన కొద్దీ ఆ మసక కూడా వెడల్పవుతుంది. పైగా రాతి కట్టడం ఏ కొంచెం కుంగినా దానిని తిప్పి సరిచేసే ఉపాయం లేదు. దోషాన్ని మొదటే లేకుండా చేయాలన్నది జయసింహుని ఆశయం. అది గొప్ప ఆశయమే. కాని అటుపై ఖగోళ శాస్త్రం మరో దారిలో నడిచింది.

మద్రాసు స్తంభం

ఆ మరో దారికి మన దేశంలో తొలి మజిలీ మద్రాసు. ఈస్టిండియా కంపెనీ అధికారి విలియం పెట్రీ 1786లో ఎగ్మూరులో సొంతంగా నెలకొల్పిన వేధశాల తరువాత కంపెనీ పరమైంది. 1792లో నుంగంబాకంలో దానికి కొత్త భవనం కట్టారు. భవన నిర్మాణాన్ని రూపొందించినవాడు మైఖేల్ టాపింగ్. ఆ వేధశాల నడుమ నిలిపిన నల్లరాతి స్తంభం నేటికీ చెన్నైలోని వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. దానిపై చెక్కిన శాసనంలో లాటిన్‌తో పాటు తమిళ, తెలుగు భాషలు కూడా చోటు చేసుకోవడం మనకు ప్రత్యేకంగా పేర్కొనదగిన విశేషం.

ఇలాంటి స్తంభాల మీద అమర్చే ట్రాన్సిట్ యంత్రం ఉత్తర దక్షిణ రేఖలో పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది, పక్కలకు తిరగదు. నక్షత్రం యామ్యోత్తర రేఖను దాటే క్షణాన్ని గడియారంతో పట్టుకోవడమే దాని పని. భూమి ఒక సెకను కాలంలో 15 వికళలు తిరుగుతుంది కనుక, కాలాన్ని సూక్ష్మంగా కొలిస్తే నక్షత్రం స్థానాన్ని కొలిచినట్లే.

ఈ యంత్రానికి మూడు దోషాలు సహజమని పరిశీలకులకు తెలుసు. ఇరుసు సరిగా చదునుగా ఉండకపోవడం మొదటిది. ఇరుసు ఖచ్చితంగా తూర్పు పడమరలుగా ఉండకపోవడం రెండవది. గొట్టం చూపు ఇరుసుకు సరిగా లంబంగా ఉండకపోవడం మూడవది. చదును దోషాన్ని రసమట్టంతో కొలిచేవారు. చూపు దోషాన్ని ఇరుసు కొనలను తారుమారు చేసి, రెండు స్థితులలోనూ ఒకే గుర్తును చూసి కనుగొనేవారు. దిక్కు దోషాన్ని కనుగొనడానికి నక్షత్రాలే శరణ్యం. తలమీదుగా దాటే నక్షత్రంపై ఆ దోషం ప్రభావం ఉండదు. ధ్రువానికి దగ్గరగా ఉన్న నక్షత్రంపై చాలా ఎక్కువ. అందుచేత ఒకే రాత్రి రెండు రకాల నక్షత్రాలనూ చూసి, వాటి వేళల మధ్య వచ్చిన భేదం నుండి యంత్రం ఎంత పక్కకు తిరిగి ఉందో లెక్కించేవారు. నేటి పీఠాలలోని 'రెండు నక్షత్రాల సర్దుబాటు'కు మూలం ఇక్కడే ఉంది.

ఈ ఖచ్చితత్వం కేవలం ఆకాశానికి సంబంధించినది కాదు. 1802లో సెయింట్ థామస్ కొండ వద్ద విలియం లాంబ్టన్ ఆరంభించిన మహా త్రికోణమితీయ సర్వేకు రేఖాంశపు ఆధారం మద్రాసు వేధశాలే. మొదట స్వీకరించిన మద్రాసు రేఖాంశంలో సుమారు రెండున్నర కళల దోషం ఉన్నట్లు తరువాత తంతి సంకేతాల సాయంతో తేలింది. రెండున్నర కళలంటే నేల మీద నాలుగు కిలోమీటర్లకు పైమాటే. ఒక్క చోట జరిగిన ఆ పొరపాటు దేశపటం మొత్తాన్నీ పక్కకు జరిపింది. పాత సర్వే పటాల అంచున చాలాకాలం పాటు ఈ సవరణను ముద్రిస్తూ వచ్చారు. దోషాన్ని చెరిపివేయకుండా, ఎంతో చెప్పి పాఠకుని చేతికి అందించిన ఆ చిన్న వాక్యం శాస్త్రీయ నిజాయితీకి మంచి ఉదాహరణ.

గణకుల శ్రమ

1830లో మద్రాసు వేధశాల బాధ్యత చేపట్టిన టి.జి. టేలర్ కొత్త యంత్రాలను నెలకొల్పి, ఏళ్ళ తరబడి శ్రమించి, 11,015 నక్షత్రాల పట్టికను 1844లో వెలువరించాడు. 1861 నుండి 1891 వరకు ఎన్.ఆర్. పాగ్సన్ సారథ్యం వహించిన కాలంలో మరో మహా పట్టికకు పరిశీలనలు జరిగాయి. 1862 నుండి 1887 వరకు సాగిన ఆ పరిశీలనలు 5,303 నక్షత్రాల పట్టికగా అచ్చయ్యేసరికి పాగ్సన్ జీవించి లేడు. చూడడం ఒక ఎత్తు, చూసినదానిని లెక్కకు తేవడం మరొక ఎత్తు. ప్రతి అంకెలోనుంచి యంత్రదోషాలను, గడియారపు దోషాన్ని, గాలిలో కిరణం వంగడం వల్ల వచ్చే భేదాన్ని, అయన చలనాన్ని తీసివేయాలి. చేతి లెక్కలతో ఆ పని తెమలడానికి పరిశీలనకు పట్టినంత కాలమూ పట్టేది.

ఆ లెక్కలు చేసినవారిలో ఎక్కువమంది పేర్లు పట్టికల మీద కనబడవు. ఆ కాలంలో 'కంప్యూటర్' అన్నది యంత్రం పేరు కాదు, ఉద్యోగి హోదా. 1831లో సర్వే శాఖలో చేరిన రాధానాథ్ సిక్దార్ ఆ హోదాలోనే ప్రసిద్ధుడయ్యాడు. మద్రాసులో మనకు పేరుతో మిగిలిన సహాయకుడు చింతామణి రఘునాథాచారి. పంచాంగకర్తల కుటుంబంలో పుట్టిన ఈయన పాగ్సన్ వద్ద ప్రథమ సహాయకుడిగా పనిచేస్తూ 1867లో జాలక రాశిలోని 'ఆర్ రెటిక్యులి' నక్షత్రం కాంతి మారుతూ ఉంటుందని కనుగొన్నాడు. ఆధునిక ఖగోళ శాస్త్రంలో భారతీయుని పేరిట నమోదైన తొలి ఆవిష్కరణలలో ఇది ఒకటి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని నేటి తెలంగాణలోని వనపర్తి నుండి పరిశీలించిన బృందానికి నాయకత్వం వహించినవాడు కూడా ఆయనే.

రఘునాథాచారి జీవితంలో మరొక పార్శ్వం మన చర్చకు మరింత ముఖ్యమైనది. వేధశాలలో వికళలు కొలిచిన అనుభవంతో ఆయన దృగ్గణిత పంచాంగం ప్రచురించాడు. 1874 నాటి శుక్ర సంక్రమణం గురించి దేశభాషలలో చిన్న పుస్తకాలు వెలువరించాడు. పాత పంచాంగాల గణితం ఆకాశంతో సరిపోలడం లేదని చెప్పడం ఆనాటి సంప్రదాయ సమాజంలో సులభమైన పని కాదు. యంత్రం దోషాన్ని ఒప్పుకోవడం అలవాటైనవాడికి గ్రంథంలోని దోషాన్ని ఒప్పుకోవడం కూడా సాధ్యమైంది.

విశాఖ నుండి బేగంపేట దాకా

తెలుగునాట ఈ విద్యకు తొలి గృహం విశాఖపట్నం. టేలర్ వద్ద శిక్షణ పొందిన గొడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల నెలకొల్పాడు. 1856లో ఆయన మరణించాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని కొనసాగించాడు. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడైన ఈయన 6 అంగుళాల దూరదర్శిని తెప్పించి గ్రహణాలనూ, 1874 శుక్ర సంక్రమణాన్నీ పరిశీలించాడు. ప్రభుత్వోద్యోగం లేకుండా, తమ సొమ్ముతో, రెండు తరాల పాటు ఒక కుటుంబం ఈ సాధన సాగించడం స్మరణీయం.

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ ఐర్లండులోని గ్రబ్ సంస్థ నిర్మించిన 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్ బండ వద్ద వేధశాల స్థాపించాడు. నిజాం పేరు మీద అది నిజామియా వేధశాల అయింది. 1908లో ప్రభుత్వం దానిని స్వీకరించింది. తరువాత అది బేగంపేటకు తరలింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది.

ఇక్కడి దూరదర్శినులు ట్రాన్సిట్ యంత్రంలా ఒకే రేఖకు కట్టుబడినవి కావు. వీటి ముఖ్య అక్షాన్ని భూమి అక్షానికి సమాంతరంగా నిలుపుతారు. అంటే హైదరాబాదులో ఆ అక్షం క్షితిజం నుండి పదిహేడున్నర డిగ్రీలు పైకి లేచి ఉండాలి. అలా నిలిపితే, గడియారపు యంత్రం ఆ ఒక్క అక్షాన్ని సమవేగంతో తిప్పడం వల్లనే నక్షత్రం దృష్టిక్షేత్రంలో నిలిచిపోతుంది. జయసింహుని గోడ చేసిన పనే ఇది. కాకపోతే ఈ అక్షం కదలగలదు, మరల మీటల సాయంతో దీనిని సరిదిద్దవచ్చు.

1887లో పారిస్‌లో ఆరంభమైన అంతర్జాతీయ ఆకాశపట పథకంలో నిజామియా వేధశాల పాల్గొన్నది. దక్షిణ క్రాంతి 17 నుండి 23 డిగ్రీల వరకు గల ఆకాశభాగం మొదట హైదరాబాదు వంతు వచ్చింది. తరువాత ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల భాగం కూడా చేరింది. 8 అంగుళాల ఛాయాచిత్ర దూరదర్శినితో గాజు పలకల మీద ఆకాశాన్ని చిత్రించాలి. ఛాయాచిత్రం తీస్తున్నంతసేపూ పరిశీలకుడు పక్కనున్న మార్గదర్శక దూరదర్శినిలో ఒక నక్షత్రాన్ని సన్నని తీగల కూడలి నుండి జారిపోకుండా చూసుకోవాలి. గడియారపు యంత్రం ఏ కొంచెం తొందరపడినా, వెనుకబడినా చేత్తో సవరించాలి. తరువాత ఆ పలకలపై చుక్కల స్థానాలను ఒక్కొక్కటిగా కొలవాలి. ఆర్.జె. పోకాక్, ఆయన తరువాత 1918 నుండి 1944 వరకు టి.పి. భాస్కరన్ ఈ కార్యాన్ని నడిపారు. పన్నెండు సంపుటాలలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్ర స్థానాలు అచ్చయ్యాయి.

ఆ సంపుటాలు చాలాకాలం అల్మారాలలోనే ఉండిపోయాయి. ఎన్నో దేశాలు ఇంత శ్రమపడి చేసిన పని వృథా అయిందని విమర్శించినవారూ ఉన్నారు. కాని 2000 సంవత్సరంలో వెలువడిన 'టైకో-2' నక్షత్ర పట్టిక ఆ అభిప్రాయాన్ని మార్చింది. ఉపగ్రహం కొలిచిన స్థానాలను ఆకాశపట పథకంలోని పాత స్థానాలతో పోల్చి, సుమారు 25 లక్షల నక్షత్రాలు ఏటా ఎంత కదులుతున్నాయో అందులో నిర్ధారించారు. ఆ పాత స్థానాలలో బేగంపేటలో కొలిచినవీ ఉన్నాయి. కంప్యూటర్ దూరదర్శినులు గురి సరిచూసుకోవడానికి వాడే పట్టికలలో ఇది ఒకటి. చీకటి గదిలో సన్నని తీగల మీద చూపు నిలిపిన ఆనాటి సహాయకుల శ్రమ ఈ విధంగా నేటి యంత్రాలలోకి ప్రవహించింది.

కావలూరు కొండల మీద

స్వతంత్ర భారతదేశంలో ఈ చరిత్రను కొత్త మలుపు తిప్పినవారు ఎం.కె. వేణు బప్పు. 1927లో జన్మించిన ఆయన తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. బాల్యం నుంచే ఆయనకు దూరదర్శిని సహవాసం అలా లభించింది. 1960లో కొడైకెనాల్ వేధశాల సంచాలకులైన బప్పు తమిళనాడులోని జవాదు కొండలలో కావలూరును ఎన్నుకొని, 1968లో చిన్న దూరదర్శినితో అక్కడ పరిశీలనలు ఆరంభించారు. హైదరాబాదుకు దగ్గరలోని జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పిందీ ఆ ఏడే.

2.34 మీటర్ల దూరదర్శినిని దేశంలోనే నిర్మించాలన్నది బప్పు సంకల్పం. కావలూరు అక్షాంశం పన్నెండున్నర డిగ్రీలే కనుక ధ్రువాక్షం దాదాపు పడుకున్నట్లు ఉంటుంది. టన్నుల బరువున్న గొట్టాన్ని అలా వాలిన అక్షం మీద, ఏ దిక్కుకు తిప్పినా వంగకుండా మోయించడం కష్టం. గుర్రపు నాడా ఆకారంలోని భారీ ఉక్కు చట్రం ఆ సమస్యకు పరిష్కారమైంది. ఈ చట్రాన్ని వాల్‌చంద్‌నగర్ కర్మాగారం తయారుచేసింది. 1982లో బప్పు మరణించారు; 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ ఆ వేధశాలకూ దూరదర్శినికీ ఆయన పేరు పెట్టారు.

కంప్యూటర్ తెచ్చిన మార్పు

అప్పటికే ప్రపంచంలో మరో పరిణామం మొదలైంది. 1974లో ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్ వద్ద ప్రారంభమైన 3.9 మీటర్ల ఆంగ్లో-ఆస్ట్రేలియన్ దూరదర్శిని పూర్తిగా కంప్యూటర్ నియంత్రణలో పనిచేసింది. పీఠాన్ని మరింత దృఢంగా, మరింత నిర్దోషంగా నిర్మించడానికి ఖర్చు పెంచుతూ పోకుండా, దాని దోషాలను కొలిచి, కంప్యూటర్ చేత సవరింపజేయడం అక్కడి నిపుణులు అనుసరించిన మార్గం. ఆకాశమంతటా చెదురుగా ఉన్న అనేక నక్షత్రాలకు దూరదర్శినిని గురిపెడతారు. ప్రతిసారీ గురి ఎంత తప్పిందో రాసుకుంటారు. ధ్రువాక్షం ఎంత ఒరిగింది, అక్షాల మధ్య లంబకోణం ఎంత తప్పింది, చూపు రేఖ ఎంత పక్కకుంది, గొట్టం తన బరువుకు తాను ఎంత వంగుతోంది అన్న అంశాలను గాస్, లెజాండ్ర్‌ల కాలం నుండి తెలిసిన కనిష్ఠ వర్గ పద్ధతితో విడదీస్తారు. పాట్రిక్ వాలెస్ రూపొందించిన ఈ విశ్లేషణ పద్ధతి తరువాత అనేక వేధశాలలకు వ్యాపించింది.

మద్రాసు సహాయకుడు రాత్రికి మూడు దోషాలు లెక్కించేవాడు. ఇక్కడ ఆ సంఖ్య పెరిగింది, లెక్క క్షణంలో ముగిసింది. కాని పద్ధతి అదే.

లెక్క క్షణంలో ముగియడం వల్ల పీఠం రూపమే మారిపోయింది. భూమి అక్షానికి సమాంతరంగా వాలి ఉండే అక్షం ఇక తప్పనిసరి కాలేదు. ఒక అక్షం నిలువుగా, మరొకటి అడ్డంగా ఉన్న ఫిరంగి బండి వంటి పీఠం బరువు మోయడానికి మేలైనది, నిర్మాణానికి చవకైనది. అయితే నక్షత్రాన్ని వెంటాడాలంటే రెండు అక్షాలనూ ప్రతి క్షణం మారే వేగాలతో తిప్పాలి. దృశ్యం గిరగిర తిరగకుండా మూడో చలనం కూడా కావాలి. గడియారపు యంత్రానికి అది అసాధ్యం, కంప్యూటర్‌కు సుసాధ్యం. 1975లో సోవియట్ యూనియన్‌లోని కాకసస్ పర్వతాలపై 6 మీటర్ల దూరదర్శిని ఈ విధంగా పనిచేయగలదని నిరూపించింది.

మన దేశంలో లడఖ్‌లోని హాన్లే వద్ద, సుమారు 4,500 మీటర్ల ఎత్తున, 2000 సంవత్సరంలో తొలి వెలుగు చూసిన 2 మీటర్ల హిమాలయన్ చంద్ర దూరదర్శిని ఈ తరగతికి చెందినది. ప్రాణవాయువు పలుచనైన ఆ చలిలో పరిశీలకుడు రాత్రంతా కూర్చోనవసరం లేదు. బెంగళూరు సమీపంలోని హోసకోటె నుండి ఉపగ్రహ సంకేతాలతో దానిని నడుపుతారు. 2016లో ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్‌లో 3.6 మీటర్ల దూరదర్శిని వచ్చి చేరింది. పరిశీలకుడు రెండువేల కిలోమీటర్ల దూరాన ఉన్నపుడు నక్షత్రాన్ని చేత్తో వెదకి పట్టుకునే అవకాశం ఉండదు. గురి కుదరకపోతే చూపే లేదు.

మళ్ళీ ముక్కాలి పీట వద్దకు

ఈ విద్య క్రమంగా సామాన్య ఔత్సాహికుల చేతికి వచ్చింది. అయినా యంత్రానికి మనం చెప్పే మాటలలోనే తప్పులు దొర్లే అవకాశం ఉంది. గడియారం ఒక్క నిమిషం తప్పితే మొదటి గురి 15 కళలు, అంటే చంద్రబింబంలో సగం వెడల్పు, తప్పుతుంది. మన ప్రామాణిక కాలం కాకినాడ సమీపం నుండి సాగే 82 డిగ్రీల 30 కళల రేఖాంశానిది. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమర కనుక అక్కడి స్థానిక కాలం పదహారు నిమిషాలు వెనుక. రేఖాంశం సరిగా చెప్పకపోతే యంత్రం వేరే ఊరి ఆకాశాన్ని ఊహించుకుంటుంది.

ధ్రువుడు కదలడన్న నానుడి కూడా కొలతకు నిలవదు. ధ్రువతార నేడు అసలు ధ్రువం నుండి సుమారు 40 కళల దూరంలో ఉండి దాని చుట్టూ తిరుగుతోంది. పైగా తెలుగుదేశంలో అది తక్కువ ఎత్తున కనబడుతుంది కనుక గాలిలో కిరణం వంగి, ఉన్న చోటికంటే మరో మూడు కళలు పైకి లేచినట్లు తోస్తుంది. అయన చలనం వల్ల నక్షత్రాల అంకెలూ మారుతూనే ఉంటాయి. 1835 సంవత్సరారంభానికి సవరించి టేలర్ ఇచ్చిన స్థానాలకూ 2000 నాటి స్థానాలకూ మధ్య విషువబిందువు రెండు డిగ్రీలకు పైగా జరిగింది. పళ్ళచక్రాల మధ్య సందు మరో చిక్కు. అందుకే అనుభవజ్ఞులు నక్షత్రాన్ని మధ్యకు తెచ్చే చివరి కదలికను ఎప్పుడూ ఒకే దిక్కు నుండి చేస్తారు. ఎంచుకునే రెండు నక్షత్రాలు ఆకాశంలో బాగా ఎడంగా ఉండాలంటారు. శంకువు చుట్టూ గీసిన వృత్తంపై ఉదయ సాయంకాలాల గుర్తులు ఎడంగా ఉన్నట్లే ఇదీ.

నేటి పరికరాలలో కొన్ని ఈ పని కూడా మనిషికి వదలడం లేదు. ఉపగ్రహాల నుండి స్థలకాలాలు తీసుకొని, కెమెరాతో ఆకాశాన్ని చిత్రించి, అందులోని చుక్కల అమరికను పట్టికతో పోల్చుకొని తమ గురి తామే కుదుర్చుకుంటున్నాయి. సౌకర్యాన్ని ఎవరూ కాదనరు. అయితే మీట నొక్కితే నక్షత్రం వచ్చే రోజులలో, అది ఎలా వచ్చిందో తెలియజెప్పవలసిన బాధ్యత విద్యాలయాలదీ సాంస్కృతిక సంస్థలదీ. మన వేధశాలల పాత యంత్రాలు, గాజు పలకలు, లెక్కల పుస్తకాలు అలంకార వస్తువులు కావు. ఒక దోషం ఎంతో, దానిని ఎవరు ఏ రాత్రి ఎలా కొలిచారో చెప్పే సాక్ష్యాలు అవి. వందేళ్ళ తరువాత బేగంపేట సంపుటాలు అక్కరకు వచ్చినట్లే, రేపు మరేవి అక్కరకు వస్తాయో ముందుగా చెప్పగలవారు లేరు. వాటిని పదిలపరచడం పాత వస్తువుల మీద మమకారంతో చేసే పని కాదు, శాస్త్రావసరం.

చీకటి మైదానంలోని ఆ పరిశీలకుడు స్వాతిని దృష్టిక్షేత్రం మధ్యకు తెచ్చి మీట నొక్కిన క్షణాన, తన యంత్రం ఎంత తప్పో నక్షత్రాన్ని అడిగి తెలుసుకుంటున్నాడు. నుంగంబాకంలో రఘునాథాచారి అడిగిందీ, బేగంపేటలో పేరు మిగలని సహాయకుడు అడిగిందీ ఆ ప్రశ్నే.